రాత్రి బీటు, మర్నాడు బందోబస్తు... మధ్యలో నిద్ర ఎప్పుడు?

కూర్మన్నపాలెం కోడలు:
మా ఆయన వైజాగ్ సిటీలో కానిస్టేబుల్. ఏ స్టేషనో చెప్పను, చెబితే రేపు ఆయన్నే పిలిచి అడుగుతారు. సింహాచలం కొండ చుట్టూ భక్తులు నడిచే గిరి ప్రదక్షిణకి ముందురోజు రాత్రి బీటు, అంటే గస్తీ, పడింది. పొద్దున్న ఏడున్నరకి వచ్చి టిఫిన్ కూడా తినకుండా పడుకుని, పదకొండుకి లేచి, ఒంటిగంటకి రోల్‌కాల్ అని మళ్ళీ పరుగు. నిలబడాల్సిన పాయింటు అప్పూఘర్ దగ్గర వేశారట. 32 కిలోమీటర్ల దారి, కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరినవాళ్ళు రాత్రంతా వస్తూనే ఉంటారు కదా, ఆయన్ని దింపి నిలబడాల్సిన రిలీవర్ రాలేదు. మర్నాడు పొద్దున్న తొమ్మిదికి వదిలారు. బండి మీద వస్తూ ఎన్ఏడీ జంక్షన్ దాటాక కన్ను మూతపడి డివైడర్‌కి రాసుకున్నారట. నాకు చెప్పలేదు. సాయంత్రం ఫుట్‌రెస్ట్ వంగి ఉండటం చూసి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు.

డ్యూటీ వద్దని నేను అనటం లేదు. అప్పన్న పండగకి పోలీసు లేకపోతే ఎలా? ఇలాంటి రోజుల్లో మధ్యలో ఓ గంట రెస్ట్ అడిగే పద్ధతి ఏమైనా ఉందా, ఇంట్లో నేను చేయగలిగింది ఏమైనా ఉందా చెప్పండి. "ఉద్యోగం అంటే అంతే" అని మాత్రం రాయకండి, అది మా అత్తగారు ఇప్పటికే చెప్పారు.

రిటైర్డ్ ఏఆర్:
అమ్మా, నేను ఆర్మ్‌డ్ రిజర్వ్ (ఏఆర్) పోలీసులో చేసి రిటైరైనవాణ్ణి. హక్కుగా అడగడం కష్టం. 1861 పోలీసు చట్టం 22వ సెక్షన్ ప్రకారం పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఫ్యాక్టరీ కార్మికుడికి పాత 1948 చట్టంలోనే ఐదు గంటలు దాటకుండా అరగంట విశ్రాంతి ఇవ్వాలని రాసి ఉండేది, మాకు అలాంటి గీత లేదు. 2019లో మన రాష్ట్రంలో వీక్లీ ఆఫ్ మొదలుపెట్టారు, మంచిదే, కానీ పెద్ద బందోబస్తు వచ్చిందంటే ముందు ఎగిరిపోయేది అదే.

అయినా దారి లేకపోలేదు. గార్డు డ్యూటీలో సెంట్రీ రెండు గంటలు నిలబడి నాలుగు గంటలు దిగడం మా పాత అలవాటు, దాన్ని ఎవరూ బద్ధకం అనరు. పాయింటులో ఇద్దరుంటే అదే పని చేయొచ్చు. జనం పలచబడ్డాక ఒకడు వ్యాన్లో నడుం వాల్చాలి, వైర్‌లెస్ సెట్టు రెండోవాడి చేతిలో ఉండాలి, సెక్టార్ ఎస్సైకి ముందే ఒక మాట చెప్పాలి. చెప్పకుండా పడుకుంటే మెమో వస్తుంది, చెప్పి పడుకుంటే రెస్ట్ అవుతుంది. నా సర్వీసులో కాదన్న ఎస్సైలు తక్కువే, అడిగినవాళ్ళు ఇంకా తక్కువ. మీ ఆయన అడిగారా అసలు?

నైట్ డ్యూటీ నర్సు:
అక్కా, డ్యూటీ ఎన్ని గంటలు అని కాకుండా నిద్ర లేచి ఎంతసేపైందో చూడండి. పదకొండుకి లేచి మర్నాడు తొమ్మిదిన్నరకి బండి మీద ఉన్నారంటే ఇరవై రెండున్నర గంటలు, అదీ మూడున్నర గంటల నిద్ర మీద. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా ఉంటుందని, 24 గంటలకి 0.10 దాకా వెళ్తుందని 1997లోనే తేల్చారు. మన దగ్గర డ్రంకెన్ డ్రైవ్ హద్దు 0.03. అంటే రాత్రంతా బ్రీత్ అనలైజర్ పట్టుకుని ఊదించినాయన, పొద్దున్న ఆ ఊదించుకున్నవాళ్ళ కంటే అధ్వానమైన స్థితిలో ఇంటికి బండి నడుపుతాడు. దాన్ని పట్టే మిషన్ మాత్రం లేదు!

కునుకు తీస్తే ఇరవై నిమిషాలు, టైముంటే గంటన్నర. ఆ రెండింటి మధ్యలో లేపితే తల దిమ్ముగా ఉంటుంది. లేచిన వెంటనే బండి తీయకూడదు, మొహం కడుక్కుని కాస్త తిరగాలి. తెల్లవారుజామున నాలుగు తర్వాత టీ వద్దు, ఇంటికొచ్చాక నిద్ర పట్టదు. మీరు చేయగలిగింది ఆ గదికి మందపాటి కర్టెన్, ఫోన్ మీ దగ్గర పెట్టుకోవడం. మా ఇంట్లో అయితే కుక్కర్ కూడా బంద్.

డ్యూటీలు రాసేవాణ్ణి:
రాసేవాడి బాధ కూడా వినండి. కాగితం మీద బలం ఒకటి, రోల్‌కాల్‌లో నిలబడేది ఒకటి. కోర్టు, ఎస్కార్టు, సమన్లు, సిక్ లీవులు పోను మిగిలినవాళ్ళనే అటూ ఇటూ తిప్పాలి. 2019లో దేశమంతా చేసిన సర్వేలో పోలీసు సగటున రోజుకి 14 గంటలు పనిచేస్తున్నాడని వచ్చింది, అది చదివి మా స్టేషన్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

కానీ ఒకటి ఒప్పుకుంటాను. వీఐపీ వస్తున్నాడంటే ముందురోజు రాత్రి తెలుస్తుంది, దానికి ఏం చేయలేం. గిరి ప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమికి, చందనోత్సవం అక్షయ తృతీయకి, నేవీ డే డిసెంబర్ 4కి. ఇవి ముందే తెలిసినవే కదా, ఆ ముందు రాత్రి బీటు వేసినవాడికి సాయంత్రం పాయింటు రాయకుండా ఉండొచ్చు, కనీసం రెండో బ్యాచ్‌లో వేయొచ్చు. మేము పాత లిస్టు తీసి తేదీ మార్చేస్తాం, నిజం అదే.

రిటైర్డ్ ఏఆర్:
తమ్ముడూ, ఇంత నిజం రైటర్ నోట వినడం ఇదే మొదలు. ఆ లిస్టులో రిలీవర్ పేరు, టైము కూడా రాయి. "రిలీవర్ వస్తాడు" అని నోటితో చెబితే ఎవడూ రాడు.

కూర్మన్నపాలెం కోడలు:
అందరికీ థ్యాంక్స్. రెస్ట్ అడిగారా అంటే, "అడిగితే ఏమనుకుంటారో" అన్నారు. ఈసారి అడుగుతానని ఒప్పుకున్నారు, చూడాలి. పెద్ద బందోబస్తు ఉన్న రోజు మా తమ్ముడు వెళ్ళి తీసుకొచ్చేలా మాట్లాడుకున్నాం, బండి స్టేషన్లోనే ఉంటుంది. యూనిఫాంలో ఉండి బావమరిది వెనక కూర్చోవాలా అని ముందు ముఖం చిట్లించారు. ఆ ఫుట్‌రెస్ట్ ఇంకా బాగుచేయించలేదు, చేయి పట్టుకుని తీసుకెళ్ళి దాన్ని చూపించాను.