సిడ్నీ: బ్రోతల్‌కి ట్రయల్ గడువు అయిపోతోంది, శాశ్వత అనుమతి అడిగారు. అభ్యంతరంలో ఏం రాయాలి?

వెస్ట్‌మీడ్_వాసి: వీధి చివర బ్రోతల్‌కి కౌన్సిల్ 12 నెలల ట్రయల్‌తో కన్సెంట్ (అనుమతి) ఇచ్చింది. ఇప్పుడు ఆ గడువు షరతు తీసెయ్యమంటున్నారు. ఏ పాయింట్లు నిలబడతాయి?

రఘు_ప్లానింగ్: నీతి గురించి రాయకండి, లెక్కలోకి రాదు. 1995 చట్ట సవరణ తర్వాత న్యూ సౌత్ వేల్స్‌లో బ్రోతల్ నడపడం నేరం కాదు, స్థల వినియోగం సంగతి. మన దేశంలో బ్రోతల్ నడపడాన్ని నేరం చేసిన 1956 చట్టం మనసులో పెట్టుకుని రాసేవాళ్లు ఇక్కడే తప్పుతారు.

అప్లికేషన్ ప్లానింగ్ చట్టం సెక్షన్ 4.55 (ఇచ్చిన కన్సెంట్‌ని మార్చడం) కింద వచ్చి ఉంటుంది. అలాగైతే మొదట కన్సెంట్ ఎందుకిచ్చారో ఆ కారణాలను కూడా కౌన్సిల్ చూడాలి. కాబట్టి ముందు పాత అసెస్‌మెంట్ రిపోర్టు తెప్పించుకోండి. ట్రయల్ పార్కింగ్ కోసం పెట్టారా, రాత్రి శబ్దం కోసమా? దాని మీదే రాయండి.

"రాత్రంతా గోల" అంటే పనికిరాదు. "శుక్రవారం రాత్రి 1:40, వెనక సందు, కారు తలుపుల చప్పుడు, పది నిమిషాలు" అని తేదీతో రాయండి. జరిగిన రోజే కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసి రిఫరెన్స్ నంబరు ఉంచుకోవాలి. ఏడాదంతా ఊరుకుని నోటీసు వచ్చాక ఒక్కసారే రాస్తే, ట్రయల్‌లో ఫిర్యాదుల్లేవని అవతలివాళ్లు చూపిస్తారు.

సుజాత_ఎల్‌ఈసీ: బ్రోతల్ ఎక్కడ ఉండొచ్చో చూడటానికి కొలబద్ద ల్యాండ్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కోర్టు (ఎల్‌ఈసీ) 2004లో ఇచ్చిన మార్టిన్ వర్సెస్ హార్న్స్‌బీ తీర్పు. ఇళ్ల జోన్‌కి, బడికి ఆనుకుని ఉండకూడదు, అక్కణ్ణించి స్పష్టంగా కనబడకూడదు. స్కూల్ బస్సులు ఆగే స్టాప్ పక్కన వద్దు. కస్టమర్లు రోడ్డు మీద గుమిగూడే పరిస్థితి ఉండకూడదు. కానీ పిల్లలు ఆ దారిన నడుస్తారన్న ఒక్క కారణం చాలదని కూడా అందులోనే ఉంది.

లత_కే: ట్రయల్ మీద ట్రయల్ పొడిగించమని మాత్రం అడగకండి. రేపు ఉంటుందో లేదో తెలియని చోట అగ్నిమాపక ఏర్పాట్లకీ, వెనక ద్వారం భద్రతకీ డబ్బు పెట్టరు. నష్టపోయేది అక్కడ పనిచేసేవాళ్లు.

రఘు_ప్లానింగ్: నిజమే. కన్సెంట్ ఆ స్థలానికే అంటి ఉంటుంది, నడిపేవాళ్లు మారినా పోదు. అందుకే గదుల సంఖ్య, వేళలు, వెయిటింగ్ రూమ్, ఫిర్యాదుల ఫోను షరతుల్లోనే రాయించాలి. మేనేజ్‌మెంట్ ప్లాన్‌ని (ఆ చోటుని ఎలా నడుపుతారో చెప్పే పత్రం) తేదీతో సహా షరతులో పేర్కొనాలి. లేకపోతే తర్వాత మార్చేస్తారు.

వెస్ట్‌మీడ్_వాసి: కౌన్సిల్ ఒప్పేసుకుంటే అప్పీల్ ఉందా?

సుజాత_ఎల్‌ఈసీ: తిరస్కరిస్తే అప్లికెంట్‌కి 6 నెలల్లో ఎల్‌ఈసీలో క్లాస్ 1 అప్పీల్ ఉంది, అంటే నిర్ణయం మంచిచెడ్డలనే మళ్లీ చూసే మెరిట్ అప్పీల్. ఇలాంటి వాటిలో పొరుగువాళ్లకి ఆ మెరిట్ అప్పీల్ లేదు. నిర్ణయంలో చట్టపరమైన తప్పు ఉంటేనే క్లాస్ 4 కేసు వేయొచ్చు, అదీ మామూలుగా 3 నెలల్లోపే. మీ అసలు అవకాశం ఈ సబ్మిషనే (కౌన్సిల్‌కి రాసే అభ్యంతరం). చివరి తేదీ నోటీసులో ఉంటుంది, ఈ రోజే చూసుకోండి.