ఎన్నికల ఫలితాల లైవ్: పీసీఆర్‌లో, స్టూడియోలో పనిచేసినవారి అనుభవాలు కావాలి

కొత్తప్యానెల్:
ఇంతకాలం బులెటిన్లు నడిపాను. ఈసారి ఎన్నికల ఫలితాల ప్రసారానికి పీసీఆర్ (ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ గది) బాధ్యత నాకు అప్పగించారు. బులెటిన్‌లో దేని తర్వాత ఏది వస్తుందో ముందే తెలుస్తుంది. ఫలితాలు మొదలయ్యాక రన్‌డౌన్ (ఏది ఎప్పుడు వెళ్లాలో రాసుకున్న జాబితా) పది నిమిషాలు కూడా నిలవదని అందరూ అంటున్నారు. సెట్ గురించీ పెద్ద తెర గురించీ మా దగ్గర సమావేశాలు బాగానే జరుగుతున్నాయి. అంకె ఎవరి చేతుల మీదుగా తెర మీదకు రావాలన్నది మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. నాకు అదే పెద్ద దిగులు.

డేటాబల్ల:
దిగులు పడాల్సిన చోటే పడ్డారు. సెట్ సంగతి ఎవరో ఒకరు చూసుకుంటారు. మీరు ముందుగా విలేకరి ఫోను నుంచి తెర దాకా అంకె నడిచే దారిని కాగితం మీద గీసి గోడకు అంటించండి.

మా బల్ల దగ్గర పద్ధతి ఇది. లెక్కింపు కేంద్రం నుంచి ఫోను వస్తే తీసుకున్న వ్యక్తి వరుసగా నాలుగు అడుగుతారు: నియోజకవర్గం సంఖ్య, ఎన్నో రౌండు, ముందున్నది ఎవరు, ఎన్ని ఓట్లతో. పేరు కాదు, సంఖ్యే ముందు. ఒకేలా వినిపించే పేర్లు చాలా ఉంటాయి, లెక్కింపు కేంద్రంలో గోల సరేసరి. టైపు చేశాక పక్కనున్న మనిషి తెర మీద ఉన్నది పైకి చదువుతారు, ఫోనులో విలేకరి ‘అవును’ అంటారు. ఆ తర్వాతే ఆమోదం. టైపు చేసిన చెయ్యి ఆమోదం బటన్ నొక్కకూడదు, ఎంత హడావిడైనా సరే.

రౌండు సంఖ్య చెప్పలేని సమాచారం మేము తీసుకోము. ఏడో రౌండు అంకె ఎక్కేశాక, ఇంకెవరో ఆలస్యంగా ఐదో రౌండు అంకె పంపిస్తారు. రౌండు సంఖ్య లేకపోతే ఆ పాతది వచ్చి కొత్తదాన్ని చెరిపేస్తుంది. తెర మీద ఆధిక్యం ఉన్నట్టుండి తగ్గుతుంది, యాంకర్ దాన్ని ‘అనూహ్య మలుపు’ అంటారు. జరిగిందేమీ ఉండదు.

పాతస్విచర్:
పై మాటకు తోడుగా ఒకటి. ఆధిక్యం, గెలుపు రెండూ కలిపి ఒకే పెట్టెలో చూపించవద్దు. మన దేశంలో లెక్కింపు ఉదయం 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లతో మొదలవుతుంది. ఈవీఎంల లెక్కింపు మొదలయ్యేది అరగంట తర్వాత. ఆ మొదటి అరగంటలో వచ్చే ఆధిక్యాలు చాలా కొద్ది ఓట్ల మీద నిలబడినవి. వాటిని రాష్ట్రమంతటి ఫలితంలా పెద్ద అక్షరాల్లో వేస్తే ప్రేక్షకుడికి మనమే తప్పుదారి చూపినట్టు. ఎన్నో రౌండు, మొత్తం ఎన్ని రౌండ్లు అన్నది ఆధిక్యం పక్కనే చిన్నగానైనా కనిపించాలి. నేను పనిచేసిన చోట దీనికి తెర మీద చోటు లేదన్నారు. ప్రకటన పట్టీని కాస్త కుదిస్తే చోటు దొరికింది.

వేగంముఖ్యం:
ఇవన్నీ బాగానే ఉన్నాయి కానీ, పక్క ఛానల్ నలభై స్థానాల్లో ఆధిక్యం చూపిస్తుంటే మనం పన్నెండు దగ్గర ఆగితే ప్రేక్షకుడు నిలుస్తాడా? రిమోట్ అతని చేతిలోనే ఉంటుంది. నేను ఇన్‌పుట్‌లో (విలేకరుల నుంచి వార్తలు అందుకునే విభాగం) పనిచేస్తాను, ఆ ఒత్తిడి ఎలాంటిదో రోజూ చూస్తున్నాను. ప్రతి అంకెకూ ఇద్దరు కావాలంటే చిన్న ఛానళ్లకు మనుషులెక్కడ?

డేటాబల్ల:
మనుషుల కొరత నిజమే, కాదనను. అలాంటప్పుడు చిన్న నియోజకవర్గాలను ఎన్నికల సంఘం వెబ్‌సైటుకు వదిలేసి, పోటీ గట్టిగా ఉన్న చోట్ల మాత్రమే సొంత విలేకరిని నమ్ముకోండి.

కానీ పక్క ఛానల్‌ను చూసి పరుగెత్తడం గురించి 2000 నవంబరు 7 రాత్రి అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో జరిగింది గుర్తు చేస్తాను. ఫ్లోరిడా రాష్ట్రంలో డెమోక్రటిక్ అభ్యర్థి అల్ గోర్ గెలిచాడని అక్కడి ఛానళ్లు సాయంత్రం ఎనిమిది కాకముందే ప్రకటించాయి. ఆ రాష్ట్రం పశ్చిమ కొసన గడియారం గంట వెనక ఉంటుంది, అక్కడ ఇంకా పోలింగ్ ముగియనే లేదు. పది గంటల ప్రాంతంలో వెనక్కి తీసుకున్నాయి. రాత్రి రెండు దాటాక ఒక ఛానల్ అక్కడ ప్రత్యర్థి బుష్ గెలిచాడని చెప్పగానే మిగిలినవన్నీ నిమిషాల్లో అదే మాట అన్నాయి. తెల్లవారుజామున అదీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందరికీ అంకెలు వచ్చేది ఒకే సంస్థ నుంచి. ఫ్లోరిడాలోని వొలూసియా కౌంటీలో (జిల్లా లాంటిది) ఒక బూత్ లెక్కలో గోర్‌కు 16 వేలకు పైగా ఓట్లు మైనస్‌లో నమోదయ్యాయి, ఆ పొరపాటు కూడా రెండో ప్రకటనకు దారితీసిన వాటిలో ఒకటి. వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ మాత్రం ఆ రెండో ప్రకటన చేయలేదు. చివరికి అధికారికంగా తేలిన తేడా 537 ఓట్లు.

ఒక అభ్యర్థి మొత్తం ఓట్లు రౌండు రౌండుకూ పెరగాలే తప్ప తగ్గకూడదు. తగ్గితే సాఫ్ట్‌వేరే ఆపేయాలి. ఈ ఒక్క నిబంధన రాయించుకోండి. ఇంకొకటి: ఆమోదించే బల్ల దగ్గర పక్క ఛానళ్ల టీవీలు పెట్టకండి. చూడాలనుకున్నవారు వేరే గదిలో చూస్తారు.

బొమ్మలగది:
గ్రాఫిక్స్ తరఫున. రిహార్సల్‌కు డమ్మీ అంకెలు వాడతాం కదా, నిజమైన పార్టీల పేర్లకు నమ్మేలాంటి అంకెలు ఎప్పుడూ పెట్టవద్దు. అన్నిటికీ ఒకే అంకె, బొమ్మకు అడ్డంగా ‘రిహార్సల్’ అన్న ముద్ర. ప్రసారానికి ముందు ఆ డేటా చెరిపేశారని ఒకరు సంతకం పెట్టాలి.

కొత్త హంగుల గురించి నా అభిప్రాయం కాస్త గట్టిగానే ఉంటుంది. 1955లో బీబీసీ వాడిన స్వింగోమీటర్ ఒక లోలకం, కొలత గీతలున్న ఒక అర్ధవలయం, అంతే. ఓట్లు ఇటు నుంచి అటు ఎంత శాతం మళ్లాయో చూడగానే తెలుస్తుంది. ఒక బొమ్మ ఒక ప్రశ్నకే జవాబు చెప్పాలన్నది నేను దాన్నుంచే నేర్చుకున్నాను. అంతకు మూడేళ్ల ముందు అమెరికా ఛానల్ సీబీఎస్, అధ్యక్ష ఎన్నికల ఫలితం అంచనా వేయడానికి యూనివాక్ కంప్యూటర్‌ను తెచ్చుకుంది. అసలు యంత్రం ఫిలడెల్ఫియాలో ఉంటే, స్టూడియోలో పెట్టింది దీపాలు మిణుకుమనే ఉత్తి డొల్ల పెట్టె. కొద్ది ఓట్లతోనే అభ్యర్థి ఐసెన్‌హోవర్‌కు 438 ఎలక్టోరల్ ఓట్లని (అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధుల ఓట్లు) ఆ యంత్రం చెప్పింది. పోటీ హోరాహోరీ అనుకుంటున్న రోజులు కావడంతో మనుషులే నమ్మలేక ఆ జోస్యాన్ని పక్కన పెట్టారు. వచ్చినవి 442. యంత్రం చెప్పిన దాన్ని దాచిపెట్టామని ఆ రాత్రే ప్రసారంలో ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోవడం నాకు చాలా నచ్చుతుంది.

వర్చువల్ సెట్ (కంప్యూటర్ బొమ్మలతో తెర మీద మాత్రమే కనిపించే సెట్) వాడుతుంటే ఒక జాగ్రత్త: గాలిలో నిలబడిన శాసనసభ బొమ్మ యాంకర్‌కు కనిపించదు. ఎదురుగా మానిటర్, నేల మీద టేపు గుర్తులు ఉంటేనే వేలు సరైన చోట చూపిస్తుంది.

చెవిలోమాట:
నేను యాంకర్‌ని. కొత్తప్యానెల్ గారూ, మీ గొంతు గంటల తరబడి మా చెవిలో ఉంటుంది. మేము వాక్యం మధ్యలో ఉన్నప్పుడు మూడు మాటలకు మించి చెప్పకండి. ‘విజయనగరం, గెలుపు, ఆమోదించారు’ అంటే చాలు. ‘ఆమోదించారు’ అన్న మాట వినకపోతే నేను ఆ ఫలితం చదవను. తెర మీద కనిపిస్తున్నా చదవను. ఈ ఒప్పందం ముందే చేసుకోండి.

ఫలితాలేవీ రాని సమయమే అసలు కష్టం. బ్రిటన్‌లో రాత్రి 10 గంటలకు పోలింగ్ ముగిసిన క్షణానే బీబీసీ, ఐటీవీ, స్కై కలిసి చేయించిన ఎగ్జిట్ పోల్ చెబుతారు. తొలి ఫలితం రావడానికి దాదాపు గంట. సండర్లాండ్, న్యూకాజిల్ నగరాలు ముందు మేమంటే మేమని పోటీపడి లెక్కిస్తాయి, పెట్టెలు పట్టుకుని కుర్రవాళ్లు హాల్లోకి పరుగెత్తడం కెమెరాలు చూపిస్తాయి. లెక్కింపు ఎలా జరుగుతుందో చూపించడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. మనం ఆ వ్యవధిని నలుగురు నాయకుల అరుపులతో నింపుతున్నాం. ఒక్కో నియోజకవర్గానికి ఒక కార్డు నాకు ఇవ్వండి: గత ఫలితం, మెజారిటీ, ఇప్పుడు తేలాల్సింది ఏమిటి. ఎంతసేపైనా మాట్లాడగలను.

శబ్దలోకం:
బయట నుంచి లైవ్‌లో మాట్లాడే విలేకరి చెవికి అతని గొంతు తప్ప ప్రసారంలో వినిపించే మిగిలినదంతా పంపాలి. తన మాటే ఆలస్యంగా తిరిగి వినిపిస్తే ఎంతటివారైనా తడబడతారు. భూస్థిర ఉపగ్రహం సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, సంకేతం పైకెళ్లి దిగడానికే పావు సెకను. మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచే పరికరమైతే ఇంకా ఎక్కువ. అందుకే యాంకర్ పేరు ముందు పిలిచి, ప్రశ్న ఒక్కటే అడిగి, ఆగాలి.

కొత్తప్యానెల్:
అందరివీ రాసుకున్నాను. ఒకటి మిగిలింది. తప్పు అంకె వెళ్లిపోతే?

డేటాబల్ల:
తెర మీద నుంచి చడీచప్పుడు లేకుండా మార్చేయకండి. యాంకర్ నోటితోనే చెప్పించండి: ఇంతకుముందు ఇలా చూపించాం, అది సరికాదు, సరైన అంకె ఇది. స్క్రోలింగ్‌లోనూ, యూట్యూబ్‌కు ఎక్కించిన ముక్కలోనూ, ఫోన్లకు వెళ్లే హెచ్చరికలోనూ అదే దిద్దుబాటు వెళ్లాలి. ఈ చివరి రెండింటికీ బాధ్యులెవరో పేరు ఇప్పుడే రాసి పెట్టుకోండి, అక్కడే ఎక్కువసార్లు మిగిలిపోతుంది.