జావాలో ఉపప్యాకేజీలోని పబ్లిక్ క్లాసులు వేరే టీమ్‌కి కనబడకుండా ఎలా ఆపాలి?

ప్రశ్న:
జావా 17, మేవెన్ (బిల్డ్ టూల్), స్ప్రింగ్ బూట్ (అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్) వాడుతున్నాం. మా ఆర్డర్స్ జార్‌లో (కంపైలైన కోడ్ ఉండే ఫైలు) మూడు ప్యాకేజీలున్నాయి: ఆర్డర్స్.ఏపీఐ, ఆర్డర్స్.ఇంటర్నల్, ఆర్డర్స్.ఇంటర్నల్.ప్రైసింగ్. ఇంటర్నల్‌లో ఉన్న డిస్కౌంట్ క్లాస్ ప్రైసింగ్‌కి కూడా కావాలి కాబట్టి పబ్లిక్ చేశాం. ఇప్పుడు బిల్లింగ్ టీమ్ దాన్నే నేరుగా ఇంపోర్ట్ చేసుకుంటోంది. పబ్లిక్ తీసేస్తే ప్రైసింగ్ కంపైల్ అవ్వదు. బిల్లింగ్‌ని కంపైల్ దశలోనే ఆపే దారి ఉందా అండీ?

జవాబు 1:
ఉందండీ. పేరులో చుక్కలున్నంత మాత్రాన జావాకి ప్యాకేజీల మధ్య తల్లీపిల్లల సంబంధం ఏమీ తెలియదు. ఇంటర్నల్, ఇంటర్నల్.ప్రైసింగ్ దాని లెక్కలో పూర్తిగా వేర్వేరు ప్యాకేజీలు. అందుకే క్లాస్ ముందు పబ్లిక్ లాంటి ఏ మాడిఫయరూ రాయకపోతే వచ్చే ప్యాకేజీ స్థాయి హద్దు ఉపప్యాకేజీ దాకా రాదు.

ఈ ఖాళీని జావా 9లో వచ్చిన మాడ్యూళ్లు (ఏవి బయటికి కనబడాలో చెప్పే ప్యాకేజీల గుంపులు) పూడుస్తాయి. ఆర్డర్స్ సోర్స్ మూలంలో మాడ్యూల్-ఇన్ఫో ఫైలు పెట్టి, "ఎక్స్‌పోర్ట్స్ ఆర్డర్స్.ఏపీఐ" అని ఒక్కటే రాయండి. ఇంటర్నల్ క్లాసులు పబ్లిక్‌గానే ఉన్నా బయటి మాడ్యూళ్లకి అందవు, ప్రైసింగ్‌కి మాత్రం మామూలుగా అందుతాయి. ఎక్స్‌పోర్ట్ కింది ప్యాకేజీలకి వర్తించదు, నక్షత్రం గుర్తు కూడా కుదరదు. ఒక్క టీమ్‌కే ఇవ్వాలనుకుంటే చివర "టు" పెట్టి ఆ మాడ్యూల్ పేరు రాయాలి.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే: బిల్లింగ్‌లో కూడా మాడ్యూల్-ఇన్ఫో ఉండి, అందులో "రిక్వైర్స్" అని ఆర్డర్స్ మాడ్యూల్ పేరు రాసి ఉండాలి. ఆ ఫైలే లేకపోతే మేవెన్ మీ జార్‌ని క్లాస్‌పాత్‌లో (జావా క్లాసులని వెతికే పాత పద్ధతి జాబితాలో) పెడుతుంది, అక్కడ మీరు రాసిన హద్దుని ఎవరూ చూడరు.

జవాబు 2:
పై జవాబు సరైనదే. హైబర్నేట్ (డేటాబేస్ లైబ్రరీ) ఎంటిటీలు, అంటే టేబుళ్లకి జోడించిన క్లాసులు, ఏ ప్యాకేజీలో ఉన్నాయో కూడా చూసుకోండి. ఆ లైబ్రరీ ప్రైవేట్ ఫీల్డులని రిఫ్లెక్షన్‌తో (నడిచేటప్పుడు క్లాస్ లోపలికి చూసే పద్ధతి) తాకాలంటే ఎక్స్‌పోర్ట్స్ చాలదు, "ఓపెన్స్" కావాలి. అది మరిచిపోతే కంపైల్ శుభ్రంగా అయిపోతుంది, రన్ చేశాక ఇన్‌యాక్సెసిబుల్-ఆబ్జెక్ట్-ఎక్సెప్షన్ వస్తుంది. ఓపెన్స్ ఇచ్చినా బిల్లింగ్ ఇంపోర్ట్ చేసుకోలేదు, కాబట్టి మీ హద్దు చెడదు.

స్ప్రింగ్ బూట్ ఫ్యాట్ జార్ (లైబ్రరీలన్నీ లోపలే ఉన్న జార్) మాడ్యూల్ పాత్ మీద, అంటే మాడ్యూల్ హద్దులు అమలయ్యే చోట, నడవదు. కాబట్టి ఈ ఎక్సెప్షన్ టెస్టుల్లో పడి, ప్రొడక్షన్‌లో పడకపోవచ్చు. ప్రొడక్షన్‌లో నడుస్తోంది కదా అని వదిలేయకండి. అలాగే ఒకే ప్యాకేజీ పేరు రెండు జార్లలో ఉంటే మాడ్యూల్ పాత్ ఒప్పుకోదు. ముందు పేర్లు మార్చుకోండి.

జవాబు 3:
రెండు టీమ్‌ల కోడ్ ఒకే స్ప్రింగ్ బూట్ అప్లికేషన్‌లో, ఒకే జార్‌గా ఉంటే మాత్రం నేను స్ప్రింగ్ మాడ్యులిత్‌కే (ప్యాకేజీల హద్దులు చూసే స్ప్రింగ్ లైబ్రరీ) ఓటేస్తాను. మెయిన్ క్లాస్ ఉన్న ప్యాకేజీకి నేరుగా కింద ఉన్న ప్రతి ప్యాకేజీనీ అది ఒక మాడ్యూల్‌గా తీసుకుంటుంది. దానికీ కిందివన్నీ లోపలివే. అంటే మీ ఏపీఐ ప్యాకేజీ కూడా మూతపడుతుంది, దానికి నేమ్డ్-ఇంటర్‌ఫేస్ యానొటేషన్ పెట్టాలి. టెస్టులో వెరిఫై పిలిస్తే హద్దు దాటినవన్నీ బయటపడతాయి. కంపైల్‌లో ఆగదు, టెస్టులోనే ఆగుతుంది.

పాత ఉల్లంఘనలు వందల్లో ఉంటే ఆర్క్‌యూనిట్‌లోని (కోడ్ నిర్మాణ నియమాలని టెస్టులుగా రాసే లైబ్రరీ) ఫ్రీజింగ్ రూల్ వాడండి. ఇప్పటికే ఉన్నవాటిని ఫైల్లో రాసిపెట్టుకుని, కొత్తగా చేరినవాటికే టెస్టుని ఫెయిల్ చేస్తుంది. ఆ ఫైలుని గిట్‌లో కమిట్ చేయండి. లేకపోతే సీఐలో (కోడ్ చేర్చినప్పుడల్లా తనంతట తానే నడిచే బిల్డ్) డిఫాల్ట్‌గా టెస్టు ఫెయిల్ అవుతుంది. కొత్త ఫైలు సృష్టికి సెట్టింగ్‌లో అనుమతి ఇచ్చి ఉంటే, ప్రతి రన్‌లోనూ అది కొత్తగా పుట్టి, ఏ తప్పునీ పట్టదు.