109 అయ్యాయి, ఎం74 ఒక్కటే దొరకట్లేదు

మా ఖగోళ క్లబ్‌లో మెస్సియే జాబితాలోని 110 గెలాక్సీలు, నక్షత్ర గుచ్ఛాలు, నెబ్యులాల్లాంటివన్నీ చూసి, బొమ్మలు గీసి ఇచ్చినవాళ్లకి సర్టిఫికెట్, బ్యాడ్జి ఇస్తారు. టెలిస్కోప్‌ని దానంతటదే గురివైపు తిప్పే గో-టూ వాడకూడదు. మంచి రూలే, సొంతంగా వెతికితేనే ఆ బ్యాడ్జికి విలువ. నాకు మీనరాశిలోని ఎం74 గెలాక్సీ మాత్రమే మిగిలింది.

నాది 6 అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పే టెలిస్కోప్), 25 ఎంఎం ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం), 48 రెట్ల మాగ్నిఫికేషన్. నవంబరు అమావాస్య దగ్గర మూడు రాత్రులు, ఊరికి దూరంగా, తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా వెతికాను. ఈటా పిషియం నక్షత్రం నుంచి సుమారు 1.3 డిగ్రీలు ఈశాన్యంగా, తూర్పు వైపే ఎక్కువగా జరిపాను. తలకి నల్లగుడ్డ కప్పుకున్నాను, ఓరకంట చూశాను, ట్యూబ్ మెల్లగా తట్టాను. ఒక్కసారి పొగలాంటి మచ్చ కనిపించినట్టే ఉంది, రెప్ప వేసేసరికి లేదు. దాన్ని చూశానని రాసివ్వలేను.

ఇదే సైజు టెలిస్కోప్‌తో ఎం74 చూసినవాళ్లు ఎన్ని రెట్ల మాగ్నిఫికేషన్‌లో పట్టుకున్నారు?