టెయిల్ లైట్లు నల్లగా చేయాలంటే ఏ స్ప్రే కొనాలి?

నాది 2014 స్విఫ్ట్, తెల్లది. వెనక లైట్లను ఇంట్లోనే కాస్త నల్లగా చేద్దామనుకుంటున్నాను. పూర్తి నలుపు కాదు, స్మోక్ రంగు చాలు. పెయింట్ షాపాయన మామూలు నల్ల స్ప్రే డబ్బా చేతిలో పెట్టి "పల్చగా కొట్టండి, సరిపోద్ది" అంటున్నాడు. అది వెలుతురునే ఆపేస్తుంది కదా! లైట్ల కోసమే వచ్చే టింట్ స్ప్రే ఎవరైనా వాడారా? ఎన్ని కోట్ల వరకు వేస్తే మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా బ్రేక్ లైటు ఎర్రగా తెలుస్తుంది? రూల్ ప్రకారం వెనక లైటు 155 మీటర్ల దూరానికి కనబడాలి, నా టెన్షనంతా అదే. ఇండికేటర్లకు, రిఫ్లెక్టర్లకు టేపు వేసి వదిలేస్తాను. ముందు 800 నంబరు వాటర్ పేపర్‌తో రుద్దాలా, 1000తోనా? పైన క్లియర్ కోటు తప్పనిసరా? ఫిల్మ్ అంటించుకోమని మాత్రం చెప్పకండి, ఆ వంపుల దగ్గర ముడతలు రాకుండా అంటించడం నా వల్ల కాదు.