చెక్ ఇంజిన్ లైటు ఆరని పాత కారుకు బయానా ఇవ్వవచ్చా?

ప్రశ్న (విజయవాడ నుంచి):
అందరికీ నమస్కారం. 2017లో రిజిస్టరైన ఒక పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ చూశాను. ఒకే యజమాని, రీడింగు 68,000 కిలోమీటర్లు, చెబుతున్న ధర 3 లక్షల 60 వేలు. నడిపి చూస్తే లోపమేమీ కనిపించలేదు గానీ, ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు బండి స్టార్టయిన తరువాత కూడా ఆరడం లేదు. అది సెన్సార్ సమస్య మాత్రమేనని, రెండు మూడు వేలతో పోతుందని యజమాని అంటున్నారు. కావాలంటే 20 వేలు తగ్గిస్తానని, ఆదివారంలోపు బయానా ఇవ్వాలని అడుగుతున్నారు. ఏం చేయమంటారో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
వద్దండి. నేను ఇలాగే "చిన్న సెన్సార్" అన్న మాట నమ్మి కొన్న బండిని ఏడాదిలో నాలుగుసార్లు షెడ్డుకు తిప్పాను.

రెండో జవాబు:
పై మిత్రుల జాగ్రత్త అర్థం చేసుకోదగినదే అయినా, లైటు వెలగడం ఒక్కటే బండిని వదులుకోవడానికి కారణం కాదని నా అభిప్రాయం. పెట్రోలు ట్యాంకు మూత సరిగా బిగించకపోయినా కొన్ని కార్లలో అదే లైటు వెలుగుతుంది, ఇంజిన్‌లో ఒక సిలిండర్ మండకపోయినా అదే వెలుగుతుంది. కాబట్టి లోపమేమిటో బండి కంప్యూటర్ నమోదు చేసిన కోడ్ తెలియకుండా ధర మాట్లాడటంలో అర్థం లేదు. అయినా మూడు వేలతో పోయే పనికి ఆయన 20 వేలు ఎందుకు వదులుకుంటున్నారో ఒకసారి ఆలోచించండి.

స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డు అడుగున స్కానర్ తగిలించడానికి 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. మీకు తెలిసిన మెకానిక్‌ను స్కానర్‌తో తీసుకువెళ్లి కోడ్ చదివించండి. పి0301 వంటి మిస్‌ఫైర్ (సిలిండర్ మండకపోవడం) కోడ్ అయితే తరచుగా స్పార్క్ ప్లగ్‌తోనో ఇగ్నిషన్ కాయిల్‌తోనో సరిపోతుంది. అయితే నడుపుతున్నప్పుడు లైటు స్థిరంగా కాక మిణుకుమిణుకుమంటుంటే, మండని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తున్నదని అర్థం కనుక ఆ బండిని అక్కడే ఆపించండి. పి0420 వస్తే కన్వర్టర్ పనితనం తగ్గిందని బండి చెబుతున్నట్లు. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలు వాడతారు కాబట్టి అది ఖరీదైన భాగం.

బయలుదేరే ముందు యజమానికి ఫోన్ చేసి, కోడ్ చెరిగిపోకుండా లైటును అలాగే ఉంచమని, బ్యాటరీ తీగ కూడా విప్పవద్దని చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. మీరు చెప్పినట్లే ఫోన్ చేశాను గానీ, ఈ రోజు వెళ్లేసరికి లైటు ఆరిపోయి ఉంది. నిన్ననే బాగు చేయించానని ఆయన అన్నారు. బిల్లు మాత్రం లేదట. స్కానర్‌లో కోడ్‌లేవీ రాలేదు. ఇక కొనవచ్చునా?

రెండో జవాబు:
వెలిగే లైటు కన్నా నిన్న ఆర్పిన లైటునే నేను ఎక్కువ అనుమానిస్తాను. ముందుగా, తాళం తిప్పి స్టార్టు చేయక ముందు ఆ లైటు ఒకసారి వెలుగుతుందో లేదో చూడండి; అప్పుడూ వెలగకపోతే లైటునే పని చేయకుండా చేశారన్న మాట. తరువాత స్కానర్‌లో, కోడ్‌లు చెరిపాక బండి తిరిగిన దూరాన్ని, రెడీనెస్ మానిటర్ల (బండి తనంతట తాను చేసుకునే పరీక్షల) స్థితిని చూడమనండి. కోడ్ చెరిపితే ఈ మానిటర్లన్నీ మొదటికి వస్తాయి, వాటిలో క్యాటలిస్ట్ (కన్వర్టర్) పరీక్ష పూర్తి కావడానికి హైవే మీద నిలకడైన వేగంతో చాలాసేపు నడపవలసి వస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ చూపిస్తే సరేనని అనుకోకండి. అది ఆ నిమిషంలో సైలెన్సర్ నుంచి వచ్చిన పొగను కొలిచినదే. బీమా మీద కూడా ఆశ పెట్టుకోకండి, అరుగుదల, యాంత్రిక లోపాలు సాధారణ పాలసీలోకి రావు.

పెట్రోలు ఖర్చు నేనే పెట్టుకుంటానని చెప్పి, ఆ పరీక్ష పూర్తయ్యేలా హైవే మీద ఏలూరు దాకా వెళ్లివద్దామని ఆయనను అడగండి. ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న అడిగినవారు:
వెళ్లివచ్చామండి. బయలుదేరే ముందు చూస్తే కోడ్‌లు చెరిపాక బండి తిరిగింది 11 కిలోమీటర్లు మాత్రమే. తిరుగు ప్రయాణంలో లైటు వెలగలేదు గానీ, పెండింగ్ (ఒకసారి కనబడి ఇంకా ఖాయం కాని) కోడ్‌ల జాబితాలో పి0420 కనిపించింది.

రెండో జవాబు:
అదే పరీక్ష రెండోసారి కూడా విఫలమైతే లైటు వెలుగుతుంది. సైలెన్సర్ గొట్టంలో లీకేజీ ఉన్నా, కన్వర్టర్ వెనుక ఉండే ఆక్సిజన్ సెన్సార్ చెడినా ఈ కోడ్ రావచ్చు కాబట్టి ముందు వాటిని చూడమనండి. ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్టు చేసినప్పుడు నీలం పొగ వస్తే మాత్రం ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, కొత్త కన్వర్టర్ వేసినా అదీ పాడవుతుంది. పొగ లేకపోతే, ఆ మోడల్ అధీకృత సర్వీసు కేంద్రంలో కన్వర్టర్‌కు, కూలికి అంచనా రాయించుకుని ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమనండి.

ప్రశ్న అడిగినవారు:
లీకేజీ లేదు, సెన్సార్ బాగానే ఉందని మెకానిక్ చెప్పారు. పొగ కూడా రాలేదు. అంచనా 40 వేలు దాటింది. ఆ కాగితం చూపించినా యజమాని 20 వేల దగ్గరే ఆగిపోయారు. బయానా ఇవ్వకుండా వచ్చేశాను.