ఈ వారం సమస్య: చల్లనైన నీరు చంపె బండి

వంతెనకింద: అందరికీ నమస్తే. ఈ వారం ఆటవెలది. ఆఖరి పాదం ఇదీ, పై మూడు పాదాలూ మీరు పూరించాలి:

చల్లనైన నీరు చంపె బండి

గణాలు తెలిసినవే, బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో ఐదూ సూర్యులే, నాలుగో గణం మొదట్లో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరే అక్షరం, దాని బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది. ఇదెందుకిచ్చానంటే మొన్న విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు లేచి ఎర్రగీత మీదికి పోయింది, బండి పక్కకి తీసి బానెట్ ఎత్తితే ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ డబ్బా అడుగంటి ఉంది, మా బావమరిది ఐసు నీళ్ల బాటిల్ పట్టుకుని పరిగెత్తుకొస్తుంటే వాణ్ణి ఆపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. గంటన్నర వేపచెట్టు కింద కూర్చున్నాం, అక్కడ పుట్టిన పాదం ఇది.

కొత్తకలం: మొదటిసారి రాస్తున్నానండీ, తిట్టకండి.

రేడియేటర్ మూత వేడిలో తీసాను
ముఖము కాలి పోయె ముక్కు కందె
కోపమొచ్చి కుండ కుమ్మరించానురా
చల్లనైన నీరు చంపె బండి

గోదారిగట్టు: మొదటి పాదంలో యతి ఏదీ? రే-కీ వే-కీ ఎక్కడి మైత్రి?

ఆటవెలది అక్క: ప్రాసయతి బాబూ, రేడి-వేడి చూడు. తప్పు అక్కడ కాదు, రెండో గణంలో ఉంది. "యేటర్" చివర పొల్లు ఉంది కాబట్టి ట గురువైపోయింది, రెండు గురువులైతే సూర్యగణం కాదు. "రేడియేటరునకు వేడిలో మూతెత్త" అను, సరిపోతుంది. వాడుకభాష బానే ఉంది కానీ కారులో కుండ ఎందుకుందమ్మా?

కొత్తకలం: గణం కోసం అక్కా 😅

గ్యారేజీ మావ: పద్యాల సంగతి నాకు తెలీదు గానీ రెండో పాదం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తిప్పగానే ప్రెషర్ పోయి ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి మొహమ్మీద కొడతాయి. పైన లావు రబ్బరు గొట్టం పట్టుకుంటే చెయ్యి కాలకూడదు, అప్పుడు మందపాటి గుడ్డేసి మెల్లగా తిప్పాలి. చాలా బళ్లకి ఆ మూత జోలికే పోనక్కర్లేదు, పక్కన ప్లాస్టిక్ డబ్బా మీద మిన్, మ్యాక్స్ గీతలుంటాయి, పొద్దున్నే తాళం తిప్పకముందు చూసుకుని తగ్గితే అందులోనే పొయ్యాలి. సలసలా కాగే ఇంజన్లో చన్నీళ్లు పోస్తే ఇంజన్ పైభాగం, అదే హెడ్డు, వంకర పోవచ్చు, బీట కూడా పడొచ్చు.

బోడుప్పల్ బోరు: నా పూరణ, స్వానుభవం.

బోరునీటి తోడ పూర్తిగా నింపగ
పొలుసు గట్టి తుప్పు పుట్టె లోన
రేడియేటరందు రేయింబవలు పేరి
చల్లనైన నీరు చంపె బండి

ఆటవెలది అక్క: రెండో పాదం చదవగానే ఆగి మళ్లీ చదివా, అంత బావుంది. మూడో పాదంలో మాత్రం పేరిందెవరు, చంపిందెవరు? పేరింది తుప్పు, చంపింది నీరు. క్త్వార్థానికీ, అంటే "పేరి" లాంటి అసమాపక క్రియకీ, అసలు క్రియకీ కర్త ఒకటే ఉండాలి కదా. "పేరి" తీసేసి "పేర" పెట్టండి, గణం కదలదు, అన్వయం కుదురుతుంది.

బోడుప్పల్ బోరు: ఒక్క గుడి తీసేస్తే ఇంత తేడానా! మార్చుకుంటా.

గ్యారేజీ మావ: మా దగ్గరికొచ్చే రేడియేటర్లలో ఇదే కథ. గాఢమైన కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలపాలి, రెడీమిక్స్ అయితే చుక్క నీళ్లు కలపకూడదు. రంగు చూసి కొనకండి, పచ్చదీ ఎర్రదీ కంపెనీని బట్టి మారుతుంటాయి, బండి పుస్తకంలో ఏ రకం రాశారో అదే. ఇంకోమాట, నెలనెలా తగ్గుతుంటే పోసుకుంటూ కూర్చోవద్దు, ఎక్కడో కారుతోందని అర్థం.

సీసపద్యం శీనయ్య: నేను క్రమాలంకారంలో పోతా.

ఎండలోన మనకు నేది హాయినిడును?
తుప్పదేమి చేసె దొంగలాగ?
అర్ధరాత్రి దారి నాగిన దేదిరా?
చల్లనైన నీరు, చంపె, బండి

గోదారిగట్టు: ఆహా, పాతకాలం అవధాని దెబ్బ! సమస్యని మూడు ముక్కలు చేసి మూడు ప్రశ్నలకీ జవాబిచ్చేశారు.

ఆటవెలది అక్క: కొట్టారు గురువుగారూ, "దొంగలాగ" యతి కోసం వచ్చినట్టే లేదు. కాకపోతే ఇందులో నీటికీ బండి చావుకీ సంబంధమే లేదు, సమస్యని విప్పలేదు, పక్కనుంచి తప్పించుకున్నారు.

సీసపద్యం శీనయ్య: తప్పించుకోవడం కూడా విద్యేనమ్మా.

మినియాపొలిస్ చలి: మా ఊళ్లో ఎండ సమస్య కాదండీ. ఇక్కడికొచ్చిన కొత్తలో రూమ్మేట్ పాత కారు కొని చేసిన పని ఇది.

మంచు దేశమందు మామూలు నీళ్లనే
పోసి పెట్టినాడు బుర్ర లేక
గడ్డగట్టి యుబ్బి కడుపును చీల్చుచు
చల్లనైన నీరు చంపె బండి

వంతెనకింద: అబ్బ! నేను వేడి గురించి ఇస్తే ఈయన చలితో పూరించాడు, సమస్యలో "చల్లనైన" ఇప్పుడు నిజంగా పనిచేస్తోంది.

ఆటవెలది అక్క: నాకూ ఇదే నచ్చింది. ఉబ్బింది, చీల్చింది, చంపింది, మూడింటికీ కర్త నీరే. చిన్న నలుసు, మొదటి పాదంలో "నీళ్లు" బహువచనం, ఆఖర్లో "నీరు" ఏకవచనం. "మామూలు నీటినే" అంటే అదీ పోతుంది.

గ్యారేజీ మావ: నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, ఇనుప ఇంజన్ బ్లాకైనా ఆగదు. సగంసగం కలిపిన కూలెంట్ అయితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. కానీ అందరూ కలిసి నీటిని హంతకుణ్ణి చేసేశారు, దారిలో ఏమీ దొరక్కపోతే ఇంజన్ పూర్తిగా చల్లారాక మంచినీళ్లు పోసుకుని షెడ్డు దాకా రావచ్చు, వచ్చాక మొత్తం దించేసి కూలెంట్ నింపించుకోవాలి అంతే. వంతెనకింద గారూ, ఆరోజు మీరెలా వచ్చారు?

వంతెనకింద: అదే బాటిల్ తో మావా, గంటన్నర తర్వాత. మా బావమరిది ఇప్పటికీ "నేను చెప్పిందేగా" అంటున్నాడు.

ఈ వారం మినియాపొలిస్ గారిదే. వచ్చే వారానికి కూడా ఆటవెలదే, పాదం ఇది:

తీయనైన నీరు తీసె నుసురు

గ్యారేజీ మావ: ఇదీ కూలెంటేగా! తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి చచ్చిపోతాయి.

వంతెనకింద: మావా, పూరణ చెప్పేశావ్.